సుగ్గి బండి కదిలేలోపే: పడమటి పల్లెల సర్పంచులకు ఒక టీచరమ్మ బహిరంగ లేఖ

కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం, హొళగుంద, ఆదోని, ఆలూరు ప్రాంతాల గ్రామ పంచాయతీల సర్పంచులకు, వార్డు మెంబర్లకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారం.

నేను ఈ పల్లెల్లో ప్రాథమిక బడి టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరి పిల్లలకు, ఒకరిద్దరు సర్పంచులకే నేను అక్షరాలు దిద్దించాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచినవారికైనా, వారి తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికైనా నేను అడిగేది ఒకటే. సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి పనికి వలస పోయే కుటుంబాల పిల్లల లెక్క పంచాయతీ దగ్గర ఉండాలి. బండి ఎక్కకముందే ఆ కుటుంబాలకు అందాల్సిన కబురు, అందాల్సిన సాయం అందాలి. బండి పోయాక వచ్చే మంజూరు కాగితం మన పిల్లలకు పనికిరాదు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన కొద్దిరోజులకే మన దగ్గర మూటలు కట్టడం మొదలవుతుంది. పత్తి తీయడానికి కొందరు తెలంగాణకు, కొందరు గుంటూరు వైపుకు పోతారు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలకు పోయేవాళ్లు ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున ఐచర్ బండి వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగుతుంది. బియ్యం మూటలు, సట్టిగిన్నెలు, బిందెలు, గుడిసె మీద కప్పుకునే పట్టలు ఎక్కిస్తారు. వాటి మీద పిల్లలను కూర్చోబెడతారు. ఉగాదికి కొందరు తిరిగొస్తారు, కోతలు మిగిలి ఉంటే పండగ చేసుకుని మళ్లీ పోతారు. మనది వాన మీద బతికే నేల. తుంగభద్ర పక్కనే పారుతున్నా మన చేన్లలో చాలావాటికి ఆ నీళ్లు అందవు. పత్తి, ఉల్లి, శనగకాయ చేతికొచ్చినా రాకపోయినా ఆ తర్వాత ఊళ్లో పని ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. పోయేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు.

కానీ జనవరిలో ఒకసారి మీ ఊరి బడికి వెళ్లి చూడండి. రిజిస్టరు నిండా పేర్లు ఉంటాయి. వరండాలో చెప్పులు మాత్రం సగం కూడా ఉండవు. నాలుగో తరగతి పిల్ల ఒకతి మార్చి ఆఖరులో తిరిగొచ్చి, నవంబరులో ఆగిపోయిన పేజీ దగ్గరే పుస్తకం తెరవడం నేను చూశాను. మిగతా పిల్లలు భాగహారాలు చేస్తుంటే ఆమె మూడంకెల తీసివేత దగ్గర కూర్చుంది. పెన్సిల్ సరిగా పట్టుకోవడం లేదేమని చెయ్యి తిప్పి చూస్తే, మిరపకాయ ఘాటుకు వేళ్ల కొసలు తోలు లేచి ఉన్నాయి. మండుతుంది మేడం అంది. మర్నాడు బడికి రాలేదు. ఇట్లా రెండేళ్లు వెనకబడిన పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి తనకు చదువు రాదని తానే తీర్మానించుకుంటుంది. ఆ తర్వాత ఇంట్లో పెండ్లి మాట వస్తుంది. మన ఊళ్లలో ఇది ఎన్ని ఇళ్లల్లో జరిగిందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇదంతా బడి పని, విద్యాశాఖ పని అని మీరు అనుకోవచ్చు. చట్టం అట్లా అనుకోలేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. స్థానిక సంస్థ అంటే మునిసిపాలిటీ, జిల్లా పరిషత్, పంచాయతీ అని అందులో విడమరిచి రాశారు. తొమ్మిదో సెక్షన్ ఆ సంస్థ బాధ్యతలను వరుసగా చెబుతుంది. తన పరిధిలో ఉండే పద్నాలుగేళ్లలోపు పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచాలి. ప్రతి బిడ్డా బడిలో చేరేటట్టు, వచ్చేటట్టు, చదువు పూర్తి చేసేటట్టు చూడాలి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను విడిగా, పేరుపెట్టి రాశారు. ముప్పై రెండో సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. పిల్లల చదువు హక్కు మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే రాతపూర్వకంగా స్థానిక సంస్థకు ఇవ్వొచ్చు, మూడు నెలల్లోపు తేల్చాలి. మన ఊళ్లో ఒక తల్లి కాగితం పట్టుకుని పంచాయతీ ఆఫీసు మెట్లెక్కి నా బిడ్డకు బడి కావాలని అడిగితే దాన్ని తీసుకుని జవాబు చెప్పాల్సిన పని మీది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక బడుల చదువు కూడా ఉంది. వీధి దీపం, మురుగు కాలువ ఎట్లా మీవో ఇది కూడా అట్లాగే మీది.

నేను పనిచేసిన ఊళ్లలో పిల్లల రిజిస్టరు బడిలో ఉంటుంది, అంగన్‌వాడీలో ఉంటుంది, గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ట్యాబులో ఉంటుంది. ఎవరి దగ్గరున్న లెక్కలోనూ ఈ బిడ్డ ఏ నెలలో ఊళ్లో ఉండదు, ఎవరితో పోతుంది, ఎక్కడికి పోతుంది అన్న గడి లేదు. ఆ గడి ఉన్న రిజిస్టరు ఒక్కటి పంచాయతీ పెట్టాలి. వంద పేజీల నోటుపుస్తకం చాలు. వార్డు మెంబరుకు తన వార్డులో ఏ ఇల్లు సుగ్గికి పోతుందో, కూలీలను తీసుకుపోయే ఏ మేస్త్రీ బండిలో పోతుందో, ముసలమ్మను, పిల్లలను ఇంటి దగ్గర ఉంచుతారో లేదో నోటికి తెలుసు. ఆ తెలిసినదాన్ని సెప్టెంబరులో రాసిపెడితే సగం పని అయినట్టే.

ఎందుకు సెప్టెంబరు అంటున్నానో చెబుతాను. ప్రభుత్వం ఇచ్చేవాటికి ఒక క్యాలెండరు ఉంది. సుగ్గికి ఒక క్యాలెండరు ఉంది. ఈ రెండూ కలవవు. జూన్ 12న బడులు తెరిచినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్లు ఇస్తారు. బ్యాగు, యూనిఫాం బట్ట, బూట్లు, నోటుపుస్తకాలు అందుతాయి. అప్పుడు మనవాళ్లు ఊళ్లోనే ఉంటారు, కాబట్టి చిక్కులేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు జాతీయ ఉపకార వేతన పరీక్ష చలికాలంలో వస్తుంది. అందులో ఎంపికైతే ఏడాదికి 12,000 చొప్పున తొమ్మిది నుంచి ఇంటరు దాకా నాలుగేళ్లు, మొత్తం 48,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదన్న నిబంధన మన ఇళ్లకు అడ్డం కాదు. అడ్డమయ్యేది తారీకు. హాల్‌టికెట్ వచ్చేసరికి పిల్లవాడు పత్తి చేనులో ఉంటాడు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఆరో తరగతి సీటుకు దరఖాస్తు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. అప్పుడు ఆ పిల్ల, ఆ తల్లి మిరప కళ్లంలో ఉంటారు. ఆ సీటు ఎవరికైతే అన్నిటికన్నా అవసరమో వాళ్లే ఊళ్లో ఉండరు.

తల్లిదండ్రుల మెగా సమావేశం 2024లో డిసెంబరు 7న పెట్టారు. మన బడికి వచ్చిన తల్లులు ఎంతమందో చెప్పాలంటే నాకు బాధగా ఉంటుంది. 2025లో జులై 10న పెట్టినప్పుడు చాలామంది వచ్చారు, టీచర్లతో కూర్చున్నారు, పిల్లల నోటుపుస్తకాలు తిరగేశారు. వాళ్లే తల్లులు, వాళ్లే పిల్లలు. తేదీ ఒక్కటే మారింది. బడి కమిటీల సంగతీ ఇంతే. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024 ఆగస్టు 8న ఎన్నికలు పెట్టి కమిటీలు వేశారు. కమిటీ ఛైర్మనే మేస్త్రీ బండెక్కి పోతే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ బడి తరఫున మాట్లాడేవాళ్లు ఎవరు?

అన్నిటికన్నా నన్ను కుదిపేసేది తల్లికి వందనం లెక్క. ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. అంతకుముందు అమ్మ ఒడిలో ఇంటికి ఒక బిడ్డకే వచ్చేది, ఇప్పుడు చదివే ప్రతి బిడ్డకూ వస్తుంది. ముగ్గురు పిల్లలున్న ఇంటికి అది 39,000. మిరప కోతల్లో భార్యాభర్తలిద్దరూ ఖర్చులు పోను ఇంటికి తెచ్చుకునే డబ్బుతో పక్కపక్కన పెట్టి చూడదగ్గ మొత్తం ఇది. అయితే దీనికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. బడి పనిదినాలు 220 అనుకుంటే బిడ్డ 165 రోజులు బడిలో ఉండాలి. అంటే 55 రోజులకు మించి పోకూడదు. సంక్రాంతి సెలవుల తర్వాత పోయి ఏప్రిల్ మొదటి వారానికి వచ్చిన పిల్ల ఆ గీత దాటేస్తుంది. దసరాకే పోయిన పిల్ల ఎంత దూరం దాటుతుందో చెప్పనక్కర్లేదు. సుగ్గికి పోయేటప్పుడు ఏ తల్లికైనా ఈ 55 రోజుల లెక్క ఎవరైనా చెప్పారా? నేను అడిగిన తల్లుల్లో ఎవరికీ తెలియదు. కరెంటు యూనిట్ల నిబంధన తెలుసు, ఆధార్ లింకు తెలుసు, హాజరు మాట తెలియదు. ముగ్గురు పిల్లలను తీసుకుపోతే ఎంత పోగొట్టుకుంటామో ముందే తెలిస్తే కొందరైనా ఇంట్లో కూర్చుని ఆలోచిస్తారు. ఒకరు పోయి ఒకరు ఉండొచ్చు. అవ్వ దగ్గర వదిలే ఏర్పాటు చేసుకోవచ్చు. పంచాయతీ చేయాల్సింది బెదిరించడం కాదు, లెక్క చెప్పడం. రేపు హాజరు చాలలేదని ఒక కుటుంబానికి డబ్బు ఆగితే, ఈ బిడ్డ వలస పోయిన ఊళ్లో బడికి వెళ్లిందా లేదా అని కనుక్కుని ఆ కాగితం తెప్పించే పని కూడా పంచాయతీ భుజాన వేసుకోవాలి.

అవ్వ దగ్గర వదలడం దగ్గరే అసలు ముడి ఉంది. కండ్లు సరిగా కనపడని అవ్వ ఇద్దరు మనవలకు రెండు పూటలా వండిపెట్టగలదా? మధ్యాహ్నం బడిలో డొక్కా సీతమ్మ భోజనం ఉంది, సన్నబియ్యం అన్నం, గుడ్డు ఉన్నాయి. రాత్రికి, పొద్దునకు ఎవరు పెడతారు? అందుకే సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. నేను చూసినవి ఊరి బడి భవనంలోనే నడిచాయి. సాయంత్రం బడి వదిలాక పిల్లలు అక్కడే ఉంటారు, రాత్రి అన్నం, పొద్దున టిఫిను, పక్కన కూర్చుని చదివించే ఒక మనిషి. పెద్ద భవనం అక్కర్లేదు, కొత్త పోస్టులు అక్కర్లేదు. మన పల్లెల కోసమే కొలతలు తీసి కుట్టిన పథకం అది. కాని నేను పనిచేసిన ఒక ఊళ్లో మంజూరు జనవరి ఆఖరుకు వచ్చింది. వంటమనిషిని పెట్టి, సరుకులు దించి, పొయ్యి వెలిగించేసరికి ఫిబ్రవరి. ఎవరికోసం పెట్టారో ఆ పిల్లలు అప్పటికి గుంటూరు మిరప చేన్లలో ఉన్నారు. ఉగాదికి తిరిగొచ్చిన ఒక తల్లి బడి గేటు దగ్గర నిలబడి నన్నడిగింది. "ఈడ రెండు పూట్ల తిండి పెడతారని దసరాకే చెప్పింటే పిల్లోన్ని మా అవ్వకాడ ఇడిసిపోయిందును గదా మేడం." ఆమెకు నేను ఏం జవాబు చెప్పాలి?

ఆలస్యం ఎందుకవుతుందో కూడా చూశాను. ఎంతమంది పిల్లలకు హాస్టల్ కావాలని పైనుంచి అడుగుతారు. బడి నుంచి మండల విద్యాధికారికి (ఎంఈఓ), ఎంఈఓ నుంచి జిల్లా ఆఫీసుకు లెక్క పోవాలి. బడి దగ్గర ఉన్నది హాజరు లెక్క, అంటే పిల్లలు పోయాక తెలిసే లెక్క. పోకముందు లెక్క ఇవ్వగలిగింది పంచాయతీ ఒక్కటే. అక్టోబరు 2 నుంచి దేశమంతటా పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక గ్రామసభలు మొదలవుతాయి. మనకు అదే సరైన వేళ, ఎందుకంటే అప్పటికి ఇంకా బండ్లు కదలవు. ఆ సభలో వార్డులవారీ జాబితా చదివి, మా ఊళ్లో ఇంతమంది పిల్లలకు సీజనల్ హాస్టల్ కావాలని తీర్మానం రాసి, నకలు ఎంఈఓకు, ఎంపీడీఓకు, కలెక్టరుకు పంపండి. టీచరు రాసిన ఉత్తరం ఫైలులో పడి ఉండొచ్చు. గ్రామసభ తీర్మానాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఆ ప్రణాళికకు తొమ్మిది థీమ్‌లు ఇచ్చారు, వాటిలో మూడోది బాలల హిత గ్రామం. ఏ థీమ్ మీద సంకల్పం తీసుకోవాలో పంచాయతీ ఎంచుకోవచ్చు. మన పడమటి పల్లెలు ఆ మూడోదాన్ని ఎంచుకోవాలని నా కోరిక.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిపారు. తలుచుకుంటే అందరినీ ఒకచోట కూర్చోబెట్టగలమని ఆ రోజు తేలింది. మా ఊరి సభలో సీసీ రోడ్ల గురించి, కాలువల గురించి, గోకులం షెడ్ల గురించి మాట్లాడారు. అవీ కావాలి. పిల్లల మాట ఒక్కరూ ఎత్తలేదు, ఎజెండాలో లేదు. ఎజెండాలో రాయించే అధికారం మీకుంది.

నిధులు లేవంటారని తెలుసు. పంచాయతీ ఖాతాల కష్టం నేను కాదనను. హాస్టల్‌కు బియ్యం, పప్పు, వంటమనిషి జీతం సమగ్ర శిక్ష నుంచే రావాలి, అది మీరు మోయాల్సిన బరువు కాదు. ఆడపిల్లను రాత్రి బడిలో ఉంచాలంటే తల్లి మొదట అడిగేది ఏమిటో ఎప్పుడైనా విన్నారా? బాత్‌రూమ్ తలుపుకు లోపల గడియ ఉందా, రాత్రి లైటు వెలుగుతుందా, నీళ్లు వస్తాయా, కాపలా ఎవరు? ఇవి నాలుగూ మీ చేతిలోవే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు, జీతాలకు వాడకూడదన్నారు. బడి బాత్‌రూముకు తలుపు, కుళాయి, ఆవరణలో ఒక లైటు ఈ లెక్కల్లో ఇమడని ఖర్చు కాదు. కాపలాకు రోజూ సాయంత్రం ఒక వార్డు మెంబరు వచ్చి కూర్చుంటే ఆ తల్లికి దొరికే ధైర్యం వేరు. టీచరు మాట కన్నా సర్పంచు మాట మన ఊళ్లలో గట్టిది. "పిల్లను వదిలిపో అమ్మా, నేను చూసుకుంటా" అని మీరు అంటే వదిలిపోయే ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు కబురు సంగతి. ప్రభుత్వం చేసేదంతా ఫోనులోకి వచ్చేసింది. 2025 జనవరి 30 నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు ఇస్తున్నారు. మంచిదే. మన ఇళ్లలో ఆ వాట్సాప్ ఉన్న ఫోను తండ్రి జేబులో గుంటూరు పోతుంది. ఇంట్లో మిగిలిన అవ్వ చేతిలో బటన్ల ఫోను ఉంటుంది, అందులో చార్జింగ్ ఉంటే అదృష్టం. పంచాయతీ బోర్డు మీద అంటించిన కాగితం చదవగలిగినవాళ్లు ఎందరో మీకు తెలుసు. కాబట్టి పాత పద్ధతే కావాలి. దండోరా వేయించండి. గుడి మైకులో, మసీదు మైకులో చెప్పించండి. హొళగుంద, కౌతాళం వైపు ఊళ్లలో తెలుగుతో పాటు కన్నడంలో కూడా చెప్పించండి, అక్కడ ఇంట్లో మాట్లాడేది కన్నడమే అయిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల పిల్లలకు కన్నడ మీడియం బడులూ ఉన్నాయి.

ఇంకొక దారి మన కళ్లముందే ఉంది. ప్రతి నెలా ఒకటో తారీకున సచివాలయం సిబ్బంది ఇంటింటికీ పోయి ఎన్టీఆర్ భరోసా పింఛను చేతిలో పెడుతున్నారు. 4,000 రూపాయలు తీసుకునే ఆ అవ్వలు, తాతలే సుగ్గి నెలల్లో మనవలను చూసుకునేవాళ్లు. పింఛను ఇచ్చేటప్పుడే ఆ నెల మాట ఒక్కటి చెప్పండి. సెప్టెంబరు ఒకటిన పిల్లలను వదిలిపోయే ఆలోచన ఉంటే పేరు రాయించమని చెప్పొచ్చు. నవంబరులో హాస్టల్ ఎప్పుడు తెరుస్తారో చెప్పొచ్చు. మార్చిలో కస్తూర్బా దరఖాస్తు వచ్చిందని, కొడుకుకు ఫోను చేసి చెప్పమని గుర్తుచేయొచ్చు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. సచివాలయం సిబ్బందితో మీరు ఒక్కసారి కూర్చుని మాట్లాడితే చాలు.

వదిలిపెట్టిన పిల్లల్లో తండ్రి చనిపోయినవాళ్లు, తల్లిని తండ్రి వదిలేసినవాళ్లు, మంచం పట్టిన తల్లిదండ్రులున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు మిషన్ వాత్సల్య అనే పిల్లల రక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 లోపు ఉండాలి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ ద్వారా, జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు పోవాలి. మన మండలాల్లో దీని పేరు విన్న తల్లి నాకు దొరకలేదు. ఇదే మిషన్ కింద ఊరి స్థాయిలో పిల్లల సంక్షేమం, రక్షణ చూసే కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షులు సర్పంచే. ఆ కమిటీ మీ ఊళ్లో ఎప్పుడు కూర్చుంది? కూర్చుని ఉండకపోతే ఈ నెలే కూర్చోబెట్టండి, మొదటి పనిగా ఇట్లాంటి పిల్లల పేర్లు రాయండి. దివ్యాంగ పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ఉందన్న మాట కూడా అదే సభలో చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇంత చేసినా కొందరు పిల్లలు బండెక్కుతారు. చంటిబిడ్డను తల్లి వదిలిపోలేదు. చేనులో ఆ చంటిబిడ్డను ఆడించడానికి ఎనిమిదేళ్ల అక్క కావాలి. కిలో లెక్కన కూలి కట్టే చోట తల్లి చేతులు ఒక్క నిమిషం ఆగినా కూలి తగ్గుతుంది. కాబట్టి ఈ ఉత్తరంలో ఒక మాట గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప ఊళ్ల సర్పంచులకు కూడా. అయ్యా, అమ్మా, మీ చేన్ల గట్ల మీద పట్టలు కప్పుకుని ఉండే పిల్లలు ఆ నెలల్లో మీ పంచాయతీ పిల్లలే. చట్టం మీ పరిధిలో ఉండే పిల్లలు అంది, మీ ఊళ్లో పుట్టిన పిల్లలు అనలేదు. టీసీ లేదని, వయసు కాగితం లేదని, ఏడాది మధ్యలో వచ్చారని ఏ బడీ వాళ్లను తిప్పి పంపడానికి వీల్లేదు. మీ అంగన్‌వాడీ ఆ చంటిబిడ్డను పగలంతా చూసుకుంటే ఆ అక్క మీ బడికి వస్తుంది. ఆ అక్క చదువు నిలబడేది ఆ అంగన్‌వాడీ మీదే. మేస్త్రీ కూలీలను దించిన వారంలోపు మీ కార్యదర్శి గుడారాల దగ్గరకు పోయి పిల్లల పేర్లు, వాళ్ల సొంత ఊరు, బడి పేరు రాసుకుని మా పంచాయతీకి ఒక ఫోను చేస్తే, ఇక్కడ మా టీచర్లు ఆ పిల్లల పేర్లను ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్సులోకి, అంటే బడి వదిలిపోయినవాళ్ల జాబితాలోకి నెట్టాల్సిన అవసరం రాదు.

మా వైపు సర్పంచులకు అందుకే ఇంకొక పని. బండి కదిలే రోజు ప్రతి బిడ్డ చేతిలో ఒక కాగితం పెట్టండి. బిడ్డ పేరు, తరగతి, బడి పేరు, ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత విద్యా నంబరు (పెన్), హెడ్‌మాస్టరు సంతకం, పంచాయతీ ముద్ర. అక్కడి బడిలో చూపించడానికి అది చాలు. మేస్త్రీలందరూ మీకు తెలిసినవాళ్లే. ఎవరి బండిలో ఎంతమంది పిల్లలు పోతున్నారో, ఏ ఊళ్లో దించుతారో చెప్పి పొమ్మని వాళ్లను అడగండి. మీరు అడిగితే చెబుతారు.

ఎంఈఓలకు, సమగ్ర శిక్ష అధికారులకు, జిల్లా కలెక్టరు గారికి ఒక్క విన్నపం. పంచాయతీల నుంచి అక్టోబరులో తీర్మానం వస్తే నవంబరు మొదటి వారంలో హాస్టల్ పొయ్యి వెలగాలి. మెగా తల్లిదండ్రుల సమావేశాన్ని మా మండలాలకైనా జులై, ఆగస్టు నెలల్లోనే పెట్టండి. కస్తూర్బా దరఖాస్తులో వలస కుటుంబాల ఆడపిల్లల పేర్లను సుగ్గికి పోకముందే బడిలోనే తీసుకునే వీలు కల్పించండి.

సర్పంచులారా, రాబోయే అక్టోబరు గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా "సుగ్గికి పోయే కుటుంబాల పిల్లలు" అని రాయించండి. దానికి ముందే వార్డుకొక జాబితా మీ చేతిలో ఉండాలి. జాబితా రాయడానికి, తీర్మానం రాయడానికి, తల్లులకు 55 రోజుల లెక్క చెప్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. నాతో రిటైరైన టీచర్లు ఇంకా ఉన్నారు, వాళ్లనూ తీసుకొస్తాను. బస్సు లేని ఊరైతే కబురు పెట్టండి, ఆటో మాట్లాడుకుని వస్తాం.

ఇట్లు,
మీ పడమటి పల్లెల టీచరమ్మ